సొన మచ్చే అన్నారు

మామిడి తోటల్లో పనిచేసేవాళ్ళ ఒంటిమీద మచ్చ కనపడితే అదేంటని ఎవరూ అడగరు. సొన అంటారు, పోతారు. కాయ ముచ్చిక విరిచినప్పుడు చిమ్మే ఆ జిగురు ఎక్కడ పడితే అక్కడ చర్మం కాలుతుంది, బొబ్బెక్కుతుంది, తొక్క ఊడి మచ్చ మిగులుతుంది. నూజివీడు చుట్టుపక్కల ఏ ఊరికైనా వెళ్ళి కాయల షెడ్డులో కూర్చున్న ఆడవాళ్ళని చూడండి. మోచేతులు, మెడలు, దవడలు, అన్నీ మచ్చలే. పెళ్ళిచూపుల్లో పిల్ల చెంపమీద మచ్చ కనపడినా "సొనేలెండి" అంటే అవతలివాళ్ళు తలాడించి కాఫీ తాగేస్తారు. ఆ ఒక్క మాట నా కుడిచేతిని సగం తినేసింది. అందుకే ఇప్పటికీ ఎవరైనా "సొనేలే" అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇది ఎనభైల్లో మాట. నేను ఏడో తరగతితో చదువాపి తోటపనికి వెళ్ళినదాన్ని. పద్దెనిమిదో ఏట మా మేనత్త కొడుకునే చేసుకున్నాను. చాట్రాయి వైపు వెళ్ళే రోడ్డుమీద వాళ్ళ ఊరు. మామ అప్పటికే లేడు. ఇంట్లో అత్త, బావ, నేను. బావ చెట్టెక్కి చిక్కం కట్టిన గడతో కాయ దించేవాడు. అత్తా నేనూ కింద షెడ్డులో కూర్చుని ముచ్చికలు విరిచి, కాయని తలకిందులుగా పెట్టి సొన కార్చి, వరిగడ్డి పరిచిన గంపల్లో పేర్చేవాళ్ళం. సొన సరిగ్గా కారకపోతే కాయ మీద మరక పడుతుంది, మరక పడితే మేస్త్రి నోరు పడుతుంది.

మేమందరం చేతులకి ఆముదం రాసుకుని కూర్చునేవాళ్ళం. అత్త మాత్రం రాసుకునేది కాదు. "నా చేతులకి సొన ఎక్కదే" అనేది. నిజంగానే పొద్దుణ్ణించి సాయంత్రందాకా చేతులు జిగురుతో ముద్దయినా అబ్బా అని ఒక్కసారి అనేది కాదు. బొబ్బలు వచ్చేవి, పగిలేవి, మానేవి. ఆవిడ పట్టించుకునేది కాదు. ఇంటి దగ్గరా అంతే. కుతకుతలాడే అన్నం గిన్నె వట్టి చేతులతో పట్టుకుని గంజి వార్చేది. నేను కాపరానికి వచ్చిన కొత్తల్లో మసిగుడ్డ కోసం వెతుక్కుంటుంటే "మహారాణికి మసిగుడ్డ కావాలా? పక్కకి జరుగు" అని గిన్నె లాక్కుంది. షెడ్డులో ఆడవాళ్ళు ఆవిడ చేతుల్ని ఇనప చేతులనేవాళ్ళు. ఆ మాట వింటే అత్త మొహం వెలిగిపోయేది. కనుబొమలు పల్చబడితే కూడా "పొయ్యి ఊదీ ఊదీ కాలిపోయాయే" అని నవ్వేది. ఆవిడ గొప్పలు వింటూ నేను కూడా నవ్వాను. తెలివితక్కువదాన్ని.

నా మచ్చ పిల్ల పుట్టిన ఏడు వచ్చింది. రసాలు అయిపోయి కలెక్టరు మామిడి దిగుతున్న రోజులు. కుడి మోచేతి కింద రూపాయి బిళ్ళంత, రాగి రంగులో. అత్త చూసి "సొన" అంది. మేస్త్రి భార్య చూసి "సొన" అంది. నేనూ సొనే అనుకున్నాను. సొన మంట పెడుతుంది, దురద పెడుతుంది, తెల్లార్లూ గోకిస్తుంది. ఇది మంటా లేదు, దురదా లేదు. దురద పెట్టని సొన మచ్చ ఎక్కడైనా ఉంటుందా? ఇన్నేళ్ళు సొనలో బతికినదాన్ని, ఆ ప్రశ్న నాకే తట్టలేదు.

వానలు పడేసరికి మచ్చ అరచెయ్యంత అయింది. దానిమీద నూగు రాలిపోయి, చెమట పట్టకుండా పొడిగా, చచ్చిన చర్మంలా ఉండేది. మోచేతి నించి చిటికెన వేలిదాకా చీమలు పాకినట్టు ఉండేది. ఒక్కోసారి మోచెయ్యి గుమ్మానికి తగిలితే కరెంటు కొట్టినట్టు జివ్వున లాగి కళ్ళంట నీళ్ళొచ్చేవి. చిటికెన వేలూ దాని పక్క వేలూ లోపలికి వంగడం మొదలెట్టాయి. చాపి పెడితే మళ్ళీ వంగేవి. గ్లాసులు జారిపోయేవి. జాకెట్టు హుక్కు పెట్టుకోలేక ఏడ్చాను. ఇరవై మూడేళ్ళు నాకు.

శ్రావణంలో ఒకరోజు పిల్లకి నీళ్ళు పోస్తున్నాను. ఆరు నెలల పిల్ల. కాళ్ళమీద పడుకోబెట్టుకుని, తిప్పి బోర్లా వేద్దామని ఎత్తితే నా కుడిచేతిలోంచి జారింది. రాతిమీద పడాల్సిన తలకి అత్త చెయ్యి అడ్డం పెట్టింది. నిజం చెప్పాలి కదా, ఆ రోజు పిల్లని బతికించింది అత్తే. పిల్లని లాక్కుని, నా చెయ్యి తిప్పి చూసి, మచ్చ ఎంత పెరిగిందో, వేళ్ళెలా వంగాయో చూసింది. మొహం మారిపోయింది.

"ఇది సొన కాదు. ఏ పాడు రోగమో! ఏంటో తేలేదాకా పిల్ల మీద చెయ్యి వెయ్యకు" అంది.

ఆ మాటతో నా పిల్ల నాది కాకుండా పోయింది. పాలు మాన్పించి గేదె పాలు పట్టింది. పగలు చంకలో, రాత్రి పక్కలో, పిల్ల ఎప్పుడూ అత్త దగ్గరే. నా కంచం వేరు, చెంబు వేరు, చాప వసారాలో. నేను పిల్లకేసి ఒక్కడుగు వేస్తే "ఆ, ఆ!" అని కోడిని అదిలించినట్టు అదిలించేది. బావని "ఏం బావా, నువ్వైనా చెప్పవా?" అని అడిగితే "అమ్మ మంచికే చెప్తోంది, ముందు అదేంటో తేలనీ" అన్నాడు. మొగుడంటే అలా ఉండాలి మరి!

రొమ్ములు రాళ్ళయిపోయి జ్వరం వచ్చేది. దొడ్డి వెనక కూర్చుని పాలు పిండి మట్టిలో పోసేదాన్ని. ఆపితే పాలు పోతాయి, పాలు పోతే పిల్ల ఇక నా దగ్గరికి రాదు అని నా భయం. అందుకని రోజుకి నాలుగుసార్లు పిండేదాన్ని. నా పిల్ల తాగాల్సిన పాలకి చీమలు బారులు కట్టేవి. ఆ చీమల్ని చూస్తే అసహ్యం వేసేది. నా చేతిని చూస్తే ఇంకా వేసేది. అదేంటో దాని పేరు తేలాలి, అది తేలితే పిల్ల నా ఒళ్ళోకి వస్తుంది. నాకు ఇంకో ఆలోచన లేదు.

పేరు చెప్పేవాళ్ళకి మా వైపు కరువా? మొదట సర్పి అన్నారు. కుమ్మరి ఆవిడ వచ్చి ఎర్రమట్టి తడిపి నా చేతిమీద పాము బొమ్మ వేసింది. తొమ్మిది రోజులు కడగొద్దంది. మట్టి ఎండి రాలింది, పాము పోయింది, మచ్చ ఉంది. తరవాత పసరు వైద్యుడు. ఆ మనిషి దగ్గర పొగాకు కంపు, మేక కంపు కలిసి కొట్టేవి. నోట్లో ఆకు నమిలి, ఆ నమిలింది నా చేతిమీద ఊశాడు. ఛీ! ఇప్పుడు తలుచుకున్నా వాంతొస్తుంది. పదిమందీ చుట్టూ నిలబడి అదేదో అభిషేకం అయినట్టు చూశారు. రెండో వారం నల్లజీడి గింజ కాల్చి, ఆ నూనె మచ్చ చుట్టూ పెట్టాడు. నల్లజీడి తగిలితే ఎద్దు కూడా రంకె వేస్తుంది. నేను కదలకుండా కూర్చున్నాను.

"మంటగా ఉందా అమ్మాయ్?"

"లేదు తాతా."

"చూశారా! మంట లేదంటే మందు మచ్చని మింగుతోందన్నమాట" అని చుట్టూ ఉన్నవాళ్ళకి చెప్పాడు. వాళ్ళు అవునవునని తలలూపారు. నాకు స్పర్శ లేదని ఆ పదిమందిలో ఒక్కరికి తోచలేదు. నాకు తోచిందా? లేదు. మూడో రోజుకి చెయ్యి పుండై రసి కారింది, ఈగలు ముసిరాయి. కట్టు విప్పితే ఆ కంపుకి నేనే మొహం తిప్పుకునేదాన్ని. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఆ పుండు మాన్పించడానికి మా ఊళ్ళో సూది డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన ఏ చదువూ చదవలేదు, ఎక్కడో కాంపౌండరుగా చేసి వచ్చాడు. జ్వరానికీ సూదే, నడుం నొప్పికీ సూదే, దిగులుకీ సూదే. పొద్దున్న ఒక్కసారి నీళ్ళలో ఉడకేసిన సూదిని ఊరందరికీ పొడిచేవాడు. "నరాల బలహీనతమ్మా, బాలింతలకి మామూలే" అని బలానికి ఎర్ర సూది, నరానికి పసుపు సూది, ఇంకేవో తెల్ల బిళ్ళలు ఇచ్చాడు. పుండు మానింది. ఆ బిళ్ళలకి వేళ్ళ లాగుడు తగ్గినట్టే అనిపించి, దేవుడని దణ్ణం కూడా పెట్టాను. పది రోజులకి మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. బిళ్ళలు అయిపోగానే లాగుడు రెట్టింపై వచ్చింది. నా దణ్ణం తిరిగిచ్చెయ్యమని అడగాలనిపించింది.

ఇక లాభం లేదని బావ నన్ను బెజవాడ తీసుకెళ్ళాడు. చర్మం డాక్టరు. పెద్ద బల్ల, తిరిగే కుర్చీ. ఆయన బల్ల అవతలే ఉన్నాడు, నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. చేతిలో పెన్నుతో గాలిలో చూపిస్తూ "ఆ కొంగు తియ్యి... చాలు, చాలు, అక్కడే ఉండు" అన్నాడు.

"ఏం పని చేస్తావు?"

"మామిడికాయల షెడ్డులోనండి."

"ఇంకేం! సొన పడి తామర పట్టింది" అని రాయడం మొదలెట్టాడు.

"వేళ్ళు కూడా వంగుతున్నాయండీ, తిమ్మిరిగా..."

"నేను చర్మం చూస్తాను. నరాలకి వేరే డాక్టరున్నాడు."

ఆ వేరే డాక్టరు దగ్గరికీ వెళ్ళాం. ఆయన సుత్తితో మోకాళ్ళు కొట్టాడు, వేళ్ళు చాపమన్నాడు, ముయ్యమన్నాడు. జాకెట్టు చెయ్యి పైకి తీసి మచ్చ చూపించబోతే "అది చర్మం డాక్టరుకి చూపించుకోమ్మా" అన్నాడు. చర్మం ఒకడిది, నరం ఒకడిది. నేను మాత్రం ఒక్కదాన్నేనే! ఇద్దరూ కలిసి చూసి ఉంటే ఆ రోజే తేలిపోయేది. మెట్లు దిగుతూ వాళ్ళ గుమ్మంలో ఉమ్మేశాను.

తిరుగు దారిలో హనుమాన్ జంక్షన్‌లో దిగి నూజివీడు బస్సు కోసం నిలబడ్డాం. లారీల దుమ్ము, ఎండ. అక్కడ బస్టాండు గోడ పక్కన ఎప్పుడూ అడుక్కునేవాళ్ళు కూర్చుంటారు. వేళ్ళు లేని చేతులు, గుడ్డ చుట్టిన కాళ్ళు, అణిగిపోయిన ముక్కులు. చిన్నప్పణ్ణించీ వాళ్ళని చూస్తే నాకు మహా అసహ్యం. దాచను, అసహ్యమే. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, గాలి తగలకుండా పక్కకి తిరిగి వెళ్ళేదాన్ని. ఆ రోజూ అలాగే తిరిగాను. బావ సోడా తెచ్చి ఇస్తే ఎప్పట్లాగే నా చేతిలోంచి జారింది. సీసా పగలకుండా దొర్లుకుంటూ పోయి వాళ్ళలో ఒక ముసలామె కాలి దగ్గర ఆగింది.

ఆమె సీసా తియ్యలేదు. నా చెయ్యి చూసింది.

"అమ్మాయ్, ఆ చిటికెన వేలు ఎన్నాళ్ళ నించి అలా ఉంది?" అంది.

నేను చెయ్యి కొంగులో దాచుకున్నాను.

"నాకూ అక్కణ్ణించే మొదలైంది. మచ్చ ఉందా? గిల్లితే తెలుస్తోందా?"

"నీ నోట్లో మన్ను పడ! నాకేం ఖర్మే, నీలాగా నాకెందుకొస్తుంది?" అని అరిచాను. ఇంకా ఏమేమో అన్నాను. ఇప్పుడు చెప్పడానికి నోరు రాదు. అంతసేపూ ఆమె నాకేసి జాలిగా చూస్తూనే ఉంది. ఆ జాలి చూస్తే నాకు ఇంకా పిచ్చెక్కింది.

"తిట్టుకోమ్మా, తిట్టుకో. నేనూ అలాగే తిట్టాను నాకు చెప్పినామెని. ఇక్కణ్ణించి ఏలూరు బస్సెక్కి, ఆ రోగానికి ఉన్న ఆస్పత్రి ఎక్కడని కండక్టరుని అడుగు, దింపుతాడు. ఇప్పుడు మందులొచ్చాయి. నాకు అప్పట్లో లేవు" అంది.

బస్సొచ్చింది. ఎక్కాను. మా ఊళ్ళో దిగాక నా మచ్చ మీద గోటితో గిల్లుకున్నాను. ఇంకా గట్టిగా గిల్లాను. రక్తం వచ్చింది. నొప్పి రాలేదు. రోడ్డు పక్కన కూర్చుని కక్కుకున్నాను.

"పొద్దున్నే వెళ్దాం" అన్నాడు బావ.

ఏ ఆస్పత్రికో అత్తకి చెప్పకుండా వెళ్ళాం. ఆస్పత్రి బయట వరసలో నిలబడ్డవాళ్ళకి దూరంగా, ఒక చెట్టుకింద నిలబడ్డాను. నేను వాళ్ళ మనిషిని కానని చూసేవాళ్ళకి తెలియాలి కదా! పేరు పిలిస్తే బావతో లోపలికి వెళ్ళాను. డాక్టరమ్మ నడివయసు మనిషి, నేత చీర. ఏమీ అడక్కుండానే నా కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. మూణ్ణెల్లయింది నన్ను ఒక మనిషి ఆప్యాయంగా ముట్టుకుని. వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ చెయ్యి వదల్లేదు. మోచేతి వెనక వేళ్ళు పెట్టి వెతికి "ఇక్కడ తాడులా తగులుతోందే, ఇదే నీ నరం, వాచింది" అంది. తరవాత ఒక ఈక తీసింది.

"కళ్ళు మూసుకో. ఎక్కడ తగిలితే అక్కడ వేలు పెట్టి చూపించు."

భుజమ్మీద తగిలింది, చూపించాను. మెడమీద తగిలింది, చూపించాను. తరవాత ఎంతసేపు కూర్చున్నా ఏమీ తగల్లేదు. కళ్ళు తెరిచి చూస్తే ఈక మచ్చ మీదే ఉంది.

"కుష్ఠు" అంది ఆవిడ, జలుబు అన్నంత మామూలుగా. "భయపడకు. ఆర్నెల్లు మందు మింగితే పోతుంది. వేళ్ళకి కసరత్తు నేర్పిస్తాం. ఎర్ర బిళ్ళ వేసుకున్న రోజు ఒంటికి ఎర్రగా పోస్తావు, కంగారుపడకు."

"నా పిల్ల, డాక్టరమ్మగారూ! తొమ్మిది నెలల పిల్లండి. నేను ముట్టుకోవచ్చా?"

"పాలివ్వడం లేదా?"

"ఇవ్వనివ్వట్లేదండి."

ఆవిడకి కోపం వచ్చింది. "నీది ఇతరులకి అంటుకునే రకమే కాదు. ఇవాళే వెళ్ళి పాలివ్వు. ఎవరు కాదన్నారో వాళ్ళని నా దగ్గరికి పంపు." ఇంకేదో రాసుకుంటూ ఆగి, తలెత్తి అడిగింది. "ఇది నీకు ఎవరిదగ్గరో వచ్చి ఉండాలి. ఏళ్ళ తరబడి దగ్గరగా మెలిగినవాళ్ళు. మీ ఇంట్లో చేతులు కాలినా తెలియనివాళ్ళు, కనుబొమలు రాలినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

నా కళ్ళముందు కుతకుతలాడే అన్నం గిన్నె, దాన్ని పట్టుకున్న రెండు చేతులు కనపడ్డాయి. పక్కన బావ గోడ పట్టుకున్నాడు. అతనికీ కనపడే ఉంటుంది.

ఆ క్షణం నాకు కలిగింది ఏంటో చెప్తాను, వినండి. మొదట పిల్ల గురించి భయం. పాడు రోగమని నా దగ్గర్నించి లాక్కుని ఆ రోగం ఉన్న చంకలోనే మూణ్ణెల్లు పెట్టుకుంది కదా అని. దాని వెనకాలే సంతోషం. అవును, సంతోషం! గురివింద గింజకి తన కింద నలుపు తెలియదట. ఇప్పుడు తెలుస్తుంది, నేనే తెలియజేస్తాను అనుకున్నాను. ఇంటిదాకా ఆ మాటే పళ్ళకింద నములుకుంటూ వచ్చాను. బావ మధ్యలో "మెల్లగా చెప్దామే అమ్మకి" అన్నాడు. నేను విననట్టు కిటికీలోంచి బయటికి చూశాను.

వెళ్ళేసరికి అత్త వసారాలో కూర్చుంది, ఒళ్ళో పిల్ల. వాకిట్లో పడి ఉన్న కోడి ఈక తీసుకున్నాను. చేటతో బియ్యం చెరుగుతున్న పక్కింటావిడ గోడమీంచి చూస్తోంది. చూడనీ అనుకున్నాను.

"అత్తా, ఒకసారి కళ్ళు మూసుకో. పిల్లని బావకియ్యి."

"ఏంటే ఈ ఆటలు? డాక్టరేమన్నాడు?"

"మూసుకో చెప్తాను."

నవ్వుతూ మూసుకుంది. ఆవిడ కుడిచేతి వెనక ఈక తాకించాను. అరచేతిలో తాకించాను. ఎడమ చేతిమీద, మణికట్టుదాకా రాశాను. ఆవిడ అలాగే కళ్ళు మూసుకుని కూర్చుంది.

"ఏం చేస్తావో చెయ్యవే, ఎంతసేపని కూర్చోను?" అంది.

అప్పటికి మూడుసార్లయింది. బావ పిల్లని పట్టుకుని గోడకేసి తిరిగి ఏడుస్తున్నాడు. నేను ఈక అక్కడే ఉంచి "ఇప్పుడు కళ్ళు తెరువు" అన్నాను.

తెరిచింది. ఈకనీ చేతినీ చూసింది. అర్థం కాలేదు. అప్పుడు చెప్పాను. నాకు కుష్ఠని, అది అంటని రకమని, నీది అంటుకునేదని, నాకు వచ్చింది నీ దగ్గర్నించేనని, ఇనప చేతులు కావు చచ్చిన చేతులని, అవి పెట్టుకుని మూణ్ణెల్లు నా పిల్లని మోశావని. పక్కింటావిడకి వినపడాలనే గట్టిగా చెప్పాను. చివర్న, ఆ మాట ఎన్నాళ్ళ నించో నా నోట్లో ఉంది, దాన్నీ వదిలాను.

"ఇక పిల్ల మీద చెయ్యి వెయ్యకు."

గోడవతల చేట చప్పుడు ఆగిపోయింది. అత్త తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి, ఎవరివో చూసినట్టు చూసుకుంది.

నేను పిల్లని తీసుకుని మూల కూర్చుని రొమ్ము నోటికి అందించాను. పిల్ల మొహం తిప్పేసుకుంది. మళ్ళీ ఇచ్చాను, గుక్కపట్టింది. దానికి నేనెవరో తెలియదు. నా చేతుల్లోంచి జారి, ఏడుస్తూ, పాక్కుంటూ అత్త దగ్గరికి వెళ్ళింది. ఆవిడ మోకాలు పట్టుకుని లేచి నిలబడి ఎత్తుకోమని చేతులు చాపింది. అత్త రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చుంది. పిల్ల ఆవిడ జబ్బ పట్టుకుని లాగుతోంది, మొహం మీద కొడుతోంది, ఆవిడ కదల్లేదు. కళ్ళంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడానికి కూడా చెయ్యి బయటికి తియ్యలేదు. నేను వెళ్ళి పిల్లని లాక్కొచ్చాను.

మర్నాడు బావ ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఆవిడది ముదిరింది. రెండేళ్ళు మందు మింగింది, ఒళ్ళు నల్లబడింది, రోగం పోయింది. పోయిన స్పర్శ రాలేదు. పక్కింటావిడ పుణ్యాన, నా నోటి పుణ్యాన, షెడ్డులో ఆవిణ్ణి మళ్ళీ ఎవరూ కాయ ముట్టుకోనివ్వలేదు. ఇనప చేతులని పొగిడినవాళ్ళే. నా వేళ్ళు చాలావరకు సాగాయి, చిటికెన వేలు కొస మాత్రం ఇప్పటికీ వంకరే. పిల్లకి పాలు అలవాటవడానికి వారం పట్టింది. ఏటా చూపించాం, దానికేమీ రాలేదు.

మందు మొదలెట్టిన నెలకే డాక్టరమ్మ అత్తకి నా ముందే చెప్పింది. "ఇక మీ దగ్గర్నించి ఎవరికీ రాదమ్మా, మనవరాల్ని ఎత్తుకోండి" అని. అత్త తలూపింది. ఎత్తుకోలేదు. డాక్టరు మాట ఆవిడకి ఎక్కలేదు, నా మాట ఎక్కింది.

మూడేళ్ళకి నాకు రెండోది పుట్టింది. పురిటి స్నానం అయ్యాక పొత్తిళ్ళలో చుట్టి నేనే తీసుకెళ్ళాను. సిగ్గు విడిచి, కాళ్ళ దగ్గర కూర్చుని, "ఎత్తుకో అత్తా, నా తప్పే, ఎత్తుకో" అన్నాను.

ఆవిడ వసారాలో పనీ పాటా లేకుండా కూర్చుని ఉంది. పసిదాని మొహంలోకి వంగి చాలాసేపు చూసింది. చేతులు తొడల కిందే ఉన్నాయి.

"చేతులు ఖాళీ లేవే అమ్మాయ్" అంది.